గెడ్డమూల నూకాలు దాక

నూకాలు నోటికి విశాఖ వన్ టౌన్ చేపల బజారు అంతా భయపడేది. భయపడని మనిషి నూకాలు ఒక్కతే. తన నోటికి తను కూడా అప్పుడప్పుడు భయపడి ఉంటే బాగుండేదని తరవాత చాలామంది అన్నారు గానీ, ఆ మాట ఆవిడ మొహం మీద అన్నవాళ్ళు లేరు.

ఆవిడ పుట్టిన పాకలు ఇప్పుడు లేవు. అవి ఉన్న చోట నీళ్ళున్నాయి, నీళ్ళ మీద ఓడలున్నాయి. రేవు అన్నది ఎంత మేసినా కడుపు నిండని జంతువు. కలకత్తా చూడండి, కొలంబో చూడండి, ఏ రేవుపట్నమైనా ఇదే వరస: అక్కడ మొట్టమొదట కాలు పెట్టినవాడు జాలరి, మొట్టమొదట లేచిపోయేవాడూ జాలరే. డెబ్బైల మొదట్లో విశాఖ రేవు ఇంకోసారి ఒళ్ళు విరుచుకుంది. నూకాలు, మొగుడు ఎల్లారావు, ఎల్లారావు అప్ప, అంటే అక్క, కాసులమ్మ, ఇంకా వాళ్ళతో నాలుగు కుటుంబాలు తెప్పలూ వలలూ మోసుకుని మల్కాపురం దాటి దక్షిణంగా పోయారు. ఒక గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే మూల పాకలు వేసుకున్నారు. గెడ్డ అంటే ఈ ప్రాంతంలో వాగు. ఆ చోటికి పేరు లేదు, గెడ్డమూల అని వీళ్ళే పెట్టుకున్నారు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అవుతున్న రోజులవి. గెడ్డమూల దాకా మాత్రం ఎవరూ రాలేదు. అక్కడ లాక్కోవడానికి ఏమీ లేదు మరి.

నూకాలుకి ఆస్తి అంటే రెండే. ఒకటి బజారులో అత్తగారి కాలం నుంచి వస్తున్న రాతి పలక, మూలమలుపులో, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ ఎదురుగా. రెండోది ఆ పలక వెనక కూచుని వేసే కేక. "గెడ్డమూల సేపలు, గెడ్డమూల సేపలు" అని ఆవిడ గొంతెత్తితే పాత మేడల కిటికీలు తెరుచుకునేవి. మంచినీళ్ళూ ఉప్పునీళ్ళూ కలిసే చోట పట్టిన చేపకి ఒక రుచి ఉంటుంది. నాలుక ఉన్నవాడికి అది తెలుస్తుంది. ఎక్కడో పుట్టి ఎక్కడికో తరిమేస్తే పోయి, ఊరికి సొంతంగా పేరు పెట్టుకుని, ఆ పేరుని పట్నం నాలుకల మీదికి ఎక్కించింది ఆవిడ. పక్క పలక అప్పాయమ్మకి కళ్ళలో నిప్పులు పోసినట్టుండేది. ఆడపడుచు కాసులమ్మకి అంతకంటే ఎక్కువ. పట్నంలో ఎవరూ "కాసులమ్మ చేపలు" అనలేదు.

గెడ్డకి ఎగువన నల్ల ఇసుక కర్మాగారం ఒకటి వచ్చింది. మన తీరంలో కొన్నిచోట్ల ఇసుక నల్లగా, బరువుగా ఉంటుంది. అందులో రకరకాల ఖనిజాలు కలిసి ఉంటాయి, వాటిలో ఒకదానిలో థోరియం ఉంటుంది. థోరియం కుదురుగా ఉండే లోహం కాదు. మెల్లగానే అయినా ఎడతెగకుండా విరుగుతూ, రేడియం లాంటి పిల్లల్ని కంటూ పోతుంది. ఇసుక కడిగిన నీళ్ళు గెడ్డలో కలిసేవి. ఆ నీళ్ళలో ఏముంది, అది బురదలోకి ఎంత, చేపలోకి ఎంత, మనిషిలోకి ఎంత వెళ్తుంది అని లెక్క కట్టడానికి పట్నంలో ఒక పరిశోధన ఆఫీసు పూనుకుంది. జీపు వచ్చేది. సీసాల్లో నీళ్ళు, డబ్బాల్లో బురద, సంచుల్లో చేపలు పట్టుకుపోయేవారు. నూకాలు వాళ్ళకి పొట్ట పగిలిన చేపలు ఏరి ఇచ్చేది. ఎవరూ తినని చేపకి మంచి చేప ఎందుకని ఆవిడ వాదం.

ఎనభై అయిదులో ఒక పొద్దున్న అదే జీపులోంచి జగ్గారావు దిగాడు. చీపురుపల్లి వైపు రైతుబిడ్డ. బి.ఎస్సీ. చదివి, ఆ ఆఫీసులో తాత్కాలికపు ఉద్యోగంలో చేరి, అది ఎప్పుడు ఊడుతుందోనని మొహం గంటు పెట్టుకుని తిరిగే మనిషి. చేపల వాసనంటే అతనికి గిట్టదు. ముక్కు మీద రుమాలు పెట్టుకుని కొళాయి దగ్గరికి నడిచాడు. ఊరికంతటికీ కొళాయి ఒకటే, కాబట్టి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అదే అతను చేసిన మొదటి తప్పు.

"అమ్మా, మీ ఇళ్ళల్లో రోజుకి మనిషికెంత చేప తింటారో చెప్పాలి," అన్నాడు ఆఫీసు తెలుగులో.

"ముక్కు మూసుకుని అడుగుతున్నాడు సూడు, మాం తిన్నది ఆడికి కంపు కొడతందేటి," అంది నూకాలు, బిందె దించకుండా.

ఇక్కడ జాలరి ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. పొయ్యి మీది దాక, ఆ కూర వండే మట్టికుండ, అంటే అది మొగుడి చెయ్యి. ఫలానా ఇంట్లో ఇవాళ చేప లేదు అంటే ఆ ఇంటి మగవాడి చెయ్యి చచ్చిందని, సముద్రం అతన్ని చూసి మొహం తిప్పుకుందని అర్థం. అందుకని "మా ఇంటిలో సేప లేదు" అన్న మాట ఏ ఆడదాని నోటా రాదు. నిజానికి మంచి చేప అంతా గంపలోకి పోతుంది. ఇంట్లో మిగిలేది చోడంబలి, అంటే రాగి అంబలి, నంజుకోవడానికి రెండు ఎండు నెత్తళ్ళు, ముళ్ళతో సహా. ఇది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అబద్ధం కాదది, మర్యాద.

"మా ఇంటిలో రెండు పూటలా సేపే బాబూ," అని కాసులమ్మ ముందుకొచ్చింది. "ముక్కలు కాదు, సేపలు."

నూకాలు బిందె కింద పెట్టింది. "రెండు పూటలేటి వొదినా, పాపం. మా ఇంటిలో పొద్దున్న తరవాణిలోకీ సేపే. మనిసికి కేజీ రాసుకో బాబూ."

"కేజీయా?" అన్నాడు జగ్గారావు.

"సాలకపోతే కేజీన్నర రాసుకో. నీ పెన్నులో సిరా అయిపోతాదేటి?"

"అయితే మాకూ కేజీన్నరే," అంది కాసులమ్మ. "మా మొగుడికి సేతులు లేవేటి?"

తక్కినవాళ్ళు ఎవరూ కేజీకి తగ్గలేదు.

"మరి ముళ్ళు పారేస్తారా?"

"ముళ్ళు మీరు పిల్లులకేస్తారేమో. మాం నమిలి మింగుతాం," అంది నూకాలు. ఆ ఉదయం కొళాయి దగ్గర ఎవరైనా నిజం చెప్పారంటే ఆ ఒక్క ముక్కే.

జగ్గారావు జీపులో కూచుని ఆలోచించాడు. తనూ పల్లెటూరివాడే, ఆఫీసువాళ్ళకి జనం ఎలా జవాబు చెబుతారో తనకి తెలియదా? తహసీల్దారు వచ్చాడంటే వాళ్ళ నాన్న కళ్ళంలో ధాన్యం మీద గడ్డి కప్పి, పంట పోయింది బాబూ, గేదె వట్టిపోయింది బాబూ అని తలగుడ్డ తీసి నిలబడేవాడు. శిస్తు గుమాస్తా వచ్చినా అదే, బ్యాంకువాడు వచ్చినా అదే. ఆఫీసువాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పిన రైతుని అతను పుట్టి ఎరగడు. కాబట్టి వీళ్ళూ తగ్గించే చెప్పి ఉంటారని తీర్మానించుకుని, ప్రతి ఇంటికీ ఇంకొంచెం కలిపి రాశాడు. నిజాయితీగానే కలిపాడు. లోకంలో సగం అనర్థాలు ఇలాంటి నిజాయితీ వల్లే జరుగుతాయి.

ఆ లెక్క ఎలా సాగుతుందో వింటే ముచ్చటగానే ఉంటుంది. కాగితం మీద డబ్బాలు గీస్తారు. ఒక డబ్బా నీరు, ఒక డబ్బా బురద, ఒక డబ్బా బురదలో బతికే పురుగూ పుట్రా, ఒక డబ్బా వాటిని తినే చేప, చివరి డబ్బా మనిషి. డబ్బాకీ డబ్బాకీ మధ్య బాణం, బాణం మీద ఒక అంకె: ఇందులోంచి అందులోకి ఎంత దాటుతుంది అని. రేడియాన్ని ఒళ్ళు సున్నం అని పొరబడి ఎముకలో దాచుకుంటుంది, అందుకే ముళ్ళకి వేరే లెక్క. అన్నీ వరసగా గుణించుకుంటూ పోతే చివరికి మనిషి మీద పడే రేడియేషన్ మోతాదు వస్తుంది. ఈ బాణాలన్నిటికీ ప్రయోగశాలలో కొలతలున్నాయి, చివరిదానికి తప్ప. చేపకీ మనిషికీ మధ్య ఉన్న బాణం మీది అంకె మనిషి నోటితో చెప్పాలి. కొళాయి దగ్గర నలుగురు వింటూండగా చెప్పాలి.

అందరికన్నా ఎక్కువ తినే, అందరికన్నా ఎక్కువ మోతాదు పడే గుంపుని వెతికి పట్టుకోవడం ఈ విద్యలో ముఖ్యమైన పని. వాళ్ళకి ప్రమాదం లేకపోతే ఎవరికీ లేనట్టే కదా. ఇంగ్లండు పడమటి తీరంలో ఒక అణు కర్మాగారం నీళ్ళు సముద్రంలో కలిసేవి. అక్కడి రాళ్ళ మీది నాచు రైలెక్కి ఎంతో దూరంలో ఉన్న వేల్స్ దేశానికి పోయేది. అక్కడివాళ్ళకి దాన్ని ఉడికించి ముద్దచేసుకుని తినడం తాతలనాటి అలవాటు. కర్మాగారం పొగగొట్టం కూడా చూడని ఆ నాచు ముద్ద ప్రియుల్ని లెక్కలవాళ్ళు పట్టుకున్నారు. అలాంటి గుంపుకి వాళ్ళు పెట్టిన పేరు 'క్రిటికల్ గ్రూపు'. మన ఆఫీసు ప్రొఫెసరు ఆ చదువే చదివి వచ్చాడు. గెడ్డమూల లెక్క తేలింది. తీరం పొడుగునా ఇంత చేప తినే జనం ఇంకెక్కడా లేరు, గెడ్డమూలే క్రిటికల్ గ్రూపు. అయినా అంత తిన్నా, ముళ్ళతో తిన్నా, పడే మోతాదు హద్దుకి చాలా దిగువనే ఉంది. గొడవ ఏమీ లేదు. కాగితం బీరువాలోకి పోయింది.

మరుసటి ఏడు ఎండాకాలంలో సోవియట్ రష్యాలో చెర్నోబిల్ అణు కర్మాగారం పేలింది. పాలల్లో పడింది, ఆకుకూరల్లో పడింది అని పేపర్లు రోజూ రాసేవి. విశాఖలో కాఫీ హోటల్లో కూచున్నవాడు కూడా ఇడ్లీ వైపు అనుమానంగా చూసే రోజులు. స్థానిక విలేఖరి ఒకాయన ప్రొఫెసరు దగ్గరికి పోయి, మన దగ్గర పరిస్థితి ఏమిటని అడిగాడు. పాపం ఆయన ధైర్యం చెబుదామనే, మన క్రిటికల్ గ్రూపు అయిన గెడ్డమూలలో కూడా భయం లేదు అన్నాడు. పేపర్లో పెద్దక్షరాల్లో పడింది: 'క్రిటికల్‌గా గెడ్డమూల మత్స్యకారులు'. భయం లేదన్న మాట కింద ఎక్కడో, చిన్నక్షరాల్లో ఉంది. చిన్నక్షరాలు బజారు దాకా రావు.

ఆ పొద్దున్న నూకాలు కేక వేస్తే కిటికీలు తెరుచుకోలేదు. నూనె మిల్లు సూర్యకాంతమ్మ మాత్రం పనిమనిషిని పంపకుండా తనే మెట్లు దిగి వచ్చింది. ఎప్పుడూ కొనే మనిషి, పలకకి అంత దూరంలో ఆగింది.

"ఏ ఊరి చేపలే ఇవి?"

"ఏటమ్మగారూ, కొత్తగా అడుగుతున్నారు. గెడ్డమూలవే. ఇదిగో, మీకోసం సందువా దాసేను."

"మీవాళ్ళంతా క్రిటికల్ అటగా. పేపర్లో వేశారు."

"కిటికిలేటి అమ్మగారూ?"

"నాకు తెలీదనుకోకు. మా ఆయన్ని పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు డాక్టరు ఈ మాటే అన్నాడు. క్రిటికల్ అని. అన్నాక ఎంతోసేపు లేరు ఆయన." సూర్యకాంతమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఊరు ఊరంతా ఆ స్థితిలో ఉంటే ఆ చేపలు తెచ్చి మా మొహాన కొడతావా?"

"ఎవులమ్మా ఆ స్థితిలో ఉన్నది? సూడండి నన్ను. నిలబడ్డానా, పాడె మీద పడుకున్నానా?" నూకాలు లేచి నడుం మీద చేతులు పెట్టుకుని ఒక చుట్టు తిరిగింది. "మీ ఆయన పోయింది మీ వంటకి. నా సేపలకి కాదు."

ఆ మాటతో పాత మేడలన్నీ ఒకేసారి మూసుకున్నాయి. పక్క పలక అప్పాయమ్మ తన గంప అవతలికి జరుపుకుంది.

"నీ సేపలు నా సేపలకి తగలకుండా ఎట్టుకో నూకాలూ. నాకూ పిల్లలున్నారు."

"తగిలితే నీ సేపలకి రుసి వొస్తాదని భయమేటి?" అంది నూకాలు. కానీ ఆ రోజు గంప ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్ళింది. మర్నాడూ అంతే. ఆ పై వారం నూకాలు బజారుకి వచ్చేసరికి ఆవిడ పలక మీద సగం దాకా అప్పాయమ్మ గోనెపట్టా పరుచుకుని ఉంది.

అప్పుడు వెళ్ళింది నూకాలు ఆఫీసుకి. కాపలావాడు గేటు తియ్యలేదు. ఎదురుగా టీ బడ్డీ దగ్గర జగ్గారావు కనిపించాడు. తప్పుకుందామని చూశాడు గానీ గ్లాసులో టీ వేడిగా ఉంది.

"ఓరి బాబూ, జీపు బాబూ. నీ నోట్లో మాటేటిరా ఆ పేపర్లో ఎక్కింది?"

"క్రిటికల్ అంటే జబ్బని కాదమ్మా. అందరికన్నా ఎక్కువ తినేవాళ్ళని అర్థం. మీరే కదా కేజీ, కేజీన్నర అన్నారు."

"నాను సెప్తే నువ్వు రాసేయడమేనేటి? మనిసికి కేజీన్నర మాం మింగితే అమ్మడానికేటి మిగుల్తాది? గంపలో నా మొగుడ్ని కూకోబెట్టి తెత్తన్నానేటి?"

జగ్గారావు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "అంటే అబద్ధం చెప్పేవా?"

"కొళాయి కాడ మా వొదిన నిలబడుంటే నిజం ఎలగ సెప్తాను? బుర్రున్నోడెవుడైనా ఆడోళ్ళందర్నీ ఒక్క సోట ఎట్టి అడుగుతాడేటి?"

ఆఫీసు తెలుగు జారిపోయింది అతనికి. "నాను దానికింకా కలిపేను," అన్నాడు.

"ఏటి కలిపేవు?"

"మీరు తగ్గించి సెప్తన్నారనుకున్నాను. మా ఊళ్ళో ఎవులైనా ఆఫీసోడికి తగ్గించే సెప్తారు."

నూకాలు అతన్ని కిందినుంచి పైకి చూసింది. "మీ ఊరోళ్ళు లేని ఏడుపు ఏడుత్తారు. మాం లేని కూడు తింతాం. ఇద్దరం కలిసి గెడ్డమూల పీక కోసేం. పోయి మీ పెద్దోడికి సెప్పు, పేరు కొట్టేయమను."

"ఊరికే కొట్టేయరమ్మా. మళ్ళీ తూచాలి. వొండిన దాకలు తూచి, తక్కువొస్తే అప్పుడు మారుస్తారు, పేపరుకీ రాస్తారు. కానీ ఎక్కడో ఒక సోట ఎక్కువ తినేవాళ్ళంటూ ఉంటారు కదా, అప్పుడు ఆళ్ళవుతారు."

"అయితే మా వొదిన ఒక్కదాని పేరే రాయి," అంది నూకాలు.

ప్రొఫెసరు సరేనన్నాడు. ఒప్పుకున్నాక జీపు చెడింది. జీపు బాగయ్యాక డీజిలుకి మంజూరు రాలేదు. ఈలోగా వానలు పట్టుకున్నాయి.

గెడ్డమూలలో ఏం జరుగుతోందో ఏ డబ్బాలోనూ లేదు. మగవాళ్ళు వేటకి పోతూనే ఉన్నారు, పోకపోతే వాళ్ళకి పిచ్చెక్కుతుంది. పట్టిన చేప పట్నం కొనదు. ఎండబెడదామంటే ఎండ లేదు. పట్టిన చేపని తిరిగి సముద్రంలో పారెయ్యడం అంటే పెట్టిన చేతిని కొట్టడం, దానికి ఎవరూ ఒప్పుకోరు. మిగిలింది దాక. పొద్దున్న చేప, మధ్యాహ్నం చేప, తరవాణిలోకీ చేప. బియ్యం కొనడానికి చేతిలో ఏమీ లేదు గనక కూర నంజుకోవడం పోయి కూరే కూడు అయింది. ఊళ్ళో పిల్లులు నడవలేక పడుకునేవి. జెల్ల చేప కనిపిస్తే ఎల్లారావుకి వాంతి వచ్చేది, అయినా తినేవాడు.

తూచడానికి జగ్గారావు రేపు వస్తాడని కబురు వచ్చిన రోజు నూకాలు ఇంటింటికీ తిరిగింది. బతిమాలడం చేతకాని మనిషి కాబట్టి తిట్టుకుంటూనే అడిగింది. "ఆడొచ్చినప్పుడు దాకలు దాసెయ్యండి. ఇంటిలో సేప లేదని సెప్పండి. ఒక్క పూట. సెప్తే మళ్ళీ గంపలు ఎత్తుకోవచ్చు."

"లేదని సెప్పాలా? నా నోటితో?" అంది కాసులమ్మ. "నీ మొగుడి మీద నువ్వు సెప్పుకో. కేజీన్నర అన్నది నువ్వు."

"నువ్వూ అన్నావు వొదినా."

"నీ యెనకాల అన్నాను. ముందన్నదానిదే పాపం."

ఎవరూ సరేననలేదు. నూకాలు రాత్రి పడుకుని ఏం తీర్మానించుకుందో గానీ, పొద్దున్నే జెల్లల పులుసు దాక పాక వెనక మూల పెట్టి, పైన చేట కప్పి, చేట మీద పాత వల కుప్ప పోసింది. ఎల్లారావు అప్పుడే వేట నుంచి వచ్చి పాకలో ఒరిగి ఉన్నాడు. మొగుడికి చెప్పలేదు. అది ఆవిడ తప్పు. చెబితే వినడని తెలుసు కాబట్టే చెప్పలేదు.

జగ్గారావు ఈసారి రుమాలు లేకుండా వచ్చాడు. ఇనప కొక్కెం ఉన్న వేలాడే త్రాసు ఒకటి నూకాలు పాక చూరుకి తగిలించాడు. ఊరంతా మూగింది. కాసులమ్మ అందరికన్నా ముందు నిలబడింది.

"ముందు మీ ఇల్లే అమ్మా. దాక తెండి."

నూకాలు నోరు తెరిచింది, మూసింది. వన్ టౌన్ బజారుని గడగడలాడించిన నోరది. మళ్ళీ తెరిచి, ఎవరి మొహమూ చూడకుండా, త్రాసు కొక్కెం వైపు చూస్తూ అంది.

"మా ఇంటిలో సేప లేదు."

చూరు మీంచి కారుతున్న వాన నీళ్ళ కిందనుంచి కాసులమ్మ ఒక అడుగు ముందుకొచ్చింది.

"ఏటన్నావ్ మరదలా?" అంది కాసులమ్మ మెల్లిగా. "మళ్ళీ అను. నాకు వినపడలేదు."

"లేదు. గంజి తాగేం."

"అయితే మా తమ్ముడి సెయ్యి సచ్చిందన్నమాట. మా అయ్య ఎంతటి వేటగాడు. ఆయన కొడుకు ఇంటిలో సేప లేదట, ఇన్నారా అందరూ?"

పాకలోంచి కదలిక వినపడింది. నూకాలు గుమ్మానికి అడ్డం నిలబడబోయింది గానీ ఎల్లారావు వెనకవైపు నుంచే బయటికి వచ్చాడు. వల కుప్ప ఒక భుజాన వేలాడుతోంది, దాక రెండు చేతుల్లో ఉంది. పులుసు ఒలికి లుంగీ మీద కారుతోంది.

"ఎవుల సెయ్యి సచ్చింది?" అన్నాడు అప్పని చూస్తూ. జగ్గారావు వైపు తిరిగి, "తూచు బాబూ. నాలుగిళ్ళకి సరిపోయినంత ఉంది. తూచు," అన్నాడు.

"నీకు బుద్ధుందేటి, లోపలెట్టు," అని నూకాలు పళ్ళ మధ్య నుంచి అంది.

"నువ్వు నోరుముయ్యి. నా ఇంటిలో సేప లేదంతావా? నా ఎదరా?"

దాక కొక్కేనికి ఎక్కింది. ముల్లు కిందికి దిగుతూ పోయింది. జగ్గారావు ఖాళీ దాక బరువు తీసేశాడు, పులుసు నీళ్ళు తీసేశాడు, ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టి భాగించాడు. ఇంకోసారి భాగించాడు. ఆ రోజు కొళాయి దగ్గర నూకాలు చెప్పినది దాటింది. తను కలిపినదాన్ని కూడా దాటింది. ఎల్లారావు పరువు నిలబడింది చూసి తక్కిన ఇళ్ళవాళ్ళు పోటీ పడి దాకలు మోసుకొచ్చారు. కాసులమ్మ తన దాకలోకి పొయ్యి మీంచి ఇంకో గరిటెడు వేసుకుని మరీ వచ్చింది.

"అమ్మా, నువ్వు అప్పుడు అబద్ధం ఆడలేదు," అన్నాడు జగ్గారావు త్రాసు విప్పుతూ. వెటకారంగా అనలేదు, ఏమనాలో తెలియక అన్నాడు.

"అప్పుడు అబద్ధమే," అంది నూకాలు. "ఇప్పుడు మీరు నిజం సేసేరు."

ఈసారి అతను ఏమీ కలపలేదు. ప్రొఫెసరు చాలా సంతోషించాడని, నోటిమాటకీ తూకానికీ ఇంత పొంతన ఎక్కడా చూడలేదన్నాడని తరవాత తెలిసింది. మోతాదు ఇప్పుడూ హద్దుకి దిగువనే ఉంది. గెడ్డమూల ఇప్పుడూ క్రిటికల్ గ్రూపే. పేపరుకి రాయడానికి కొత్త సంగతి ఏమీ లేదు.

రాతి పలక మీద అప్పాయమ్మ గోనెపట్టా మొత్తం పరుచుకుంది. నూకాలు ఎల్లారావుతో చాలాకాలం మాట్లాడలేదు, కాసులమ్మతో ఇక ఎప్పటికీ మాట్లాడలేదు. బజారు మానేసి గంప నెత్తిన పెట్టుకుని, తన మొహం తెలియని వీధులు వెతుక్కుంటూ తిరగడం మొదలుపెట్టింది. పాత కేక గొంతులోకి వచ్చేది, మింగేసేది. "భీమిలి సేపలు, భీమిలి సేపలు" అని అరిచేది. తనని ఏనాడూ తరమని ఊరి పేరు అరుస్తూ, తను పెట్టుకున్న ఊరి పేరుని దాచుకుని తిరగడం ఆవిడకి ఎలా ఉండేదో ఎవరూ అడగలేదు. అడిగితే తిట్లు పడేవి. ఒకటి మాత్రం చెప్పాలి. గెడ్డమూల చేప ఆ తరవాత పట్నంలో అంతకుముందు పోని ఇళ్ళకి కూడా పోయింది. ప్రొఫెసరు గీసిన డబ్బాల్లోంచి ఆ వైపు బాణం ఒక్కటీ లేదు.

మరుసటి ఏడు మల్కాపురంలో ఒక సందులో కొత్త కాపురం గుమ్మం ముందు గంప దించింది. ఆ ఇంటి ఇల్లాలు తవిటమ్మ చేట పట్టుకుని వచ్చింది.

"ఎక్కడి సేపలే?"

"భీమిలివమ్మా. సూడు, కళ్ళు ఎలగ మెరుత్తన్నాయో."

లోపలినుంచి సగం గీసిన గెడ్డంతో, చెవి కింద సబ్బు నురగతో జగ్గారావు వచ్చాడు. నూకాలూ అతనూ ఒకరినొకరు చూసుకున్నారు. గంప అంచు మీద ఆవిడ చెయ్యి బిగిసింది.

"మీ ఆయన్ని అడుగమ్మా, ఎక్కడివో," అంది నూకాలు, అతని మీంచి కళ్ళు తీయకుండా. "సదువుకున్నోడు. సేపని సూసి ఊరు సెప్పగలడు."

జగ్గారావు గంపలోకి చూశాడు. జెల్లలు. వాటికి ఏ ప్రమాదమూ లేదని అతనికి తెలుసు, ఆ గుణకారం చేసినవాళ్ళలో తనూ ఒకడు. అవి ఏ ఊరివో చెబితే పెళ్ళాం చేట పట్టుకుని లోపలికి పోతుందనీ తెలుసు.

"భీమిలివే," అన్నాడు. "తీసుకో."

తవిటమ్మ కూచుని ఏరడం మొదలుపెట్టింది. పెద్దవన్నీ ఒకదాని వెంట ఒకటి చేటలోకి పోతున్నాయి. నూకాలు చేటలోకి తొంగి చూసింది.

"మీ ఇంటిలో రోజుకి మనిసికెంత తింతారమ్మా?"

తవిటమ్మ చెయ్యి ఆగింది. శిస్తు గుమాస్తాని చూసినట్టు చూసింది ఆవిడ వైపు. "మాం ఏటి తింతాం. ముక్కో, రెండో," అని ఇంకో రెండు చేపలు చేటలో వేసుకుంది.

నూకాలు గంప తలకెత్తుకుంటూ జగ్గారావు వైపు తిరిగింది.

"రాసుకో బాబూ," అంది. "కొంచెం కలిపి రాసుకో."